ఈశాన్యంలో బాత్రూం

నేను చేసిన వెధవ పనులన్నిటినీ వరసగా నిలబెడితే, ఆ వరస చిక్కడపల్లిలో మొదలై నారాయణగూడ చౌరస్తా దాటిపోతుంది. వాటన్నిటిలో ముందు నిలబడేది మాత్రం అశోక్‌నగర్ ఫ్లాటు వ్యవహారమే. ఒక దిక్సూచి, ఒక సెల్‌ఫోను, గుండె నిండా కుళ్లు ఉంటే చాలు, మనిషి తన ఇల్లు తానే ఎలా పోగొట్టుకోగలడో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. మా ఆవిడ సుజాతకు మాత్రం ఇంకా నవ్వు రాలేదు.

అప్పట్లో మేము పిల్లలతో చిక్కడపల్లిలో, సెంట్రల్ లైబ్రరీ వెనక సందులో, రెండో అంతస్తులో కిరాయికి ఉండేవాళ్లం. పదకొండేళ్లు ఉన్నాం. ఆ పదకొండేళ్లూ "వచ్చే ఏడాది సొంతిల్లు" అంటూనే ఉన్నాను. ప్రతి ఆదివారం టిఫిన్ చేసి ఫ్లాట్లు చూడటానికి బయల్దేరేవాణ్ణి. రాంనగర్ నుంచి హిమాయత్‌నగర్ దాకా నేను కుళాయి తిప్పి చూడని ఫ్లాటు లేదు. నన్ను చూస్తే బ్రోకర్లు ఫోను చెవికి పెట్టుకుని పక్క సందులోకి తిరిగేవాళ్లు. ఇళ్లు చూడటంలో నాకున్న అనుభవం ఇంకెవరికీ లేదు, కొనడంలో మాత్రం సున్నా.

మా ఎదురింటి శ్రీహరి నాకంటే పదేళ్లు చిన్నవాడు. వచ్చి రెండేళ్లే అయింది. ఏ కొట్లో కాఫీ పొడి తాజాగా పట్టిస్తారో, ఏ బండి దగ్గర ఇడ్లీ మెత్తగా ఉంటుందో, అన్నీ నేనే నేర్పాను. అన్నా అన్నా అంటూ వెనకే తిరిగేవాడు. అలాంటివాడు ఒక సాయంత్రం మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు.

"అన్న, అశోక్‌నగర్‌ల ఫ్లాట్ చూసిన. మస్తుంది. రెండు బాల్కనీలు. మీరొక్కసారి చూసి సరే అంటే మాట ఇచ్చేస్త."

"మంచిదే," అన్నాను. నోట్లో ఉన్న పాలకోవా చేదుగా అనిపించింది.

శ్రీహరి వెళ్లాక సుజాత డబ్బా మూత పెడుతూ, "రెండు బాల్కనీలంట," అంది. అంతే. నన్ను తిట్టినా బాగుండేది. నిజం చెబుతున్నాను, ఆ రాత్రి నేను కుళ్లిపోయాను. వాడికి ఇల్లు వస్తున్నందుకు కాదు, నాకంటే ముందు వస్తున్నందుకు. నేను చూసిన ఇళ్లలో సగం కూడా చూడకుండా, మొదటిసారి చూసిందే కొనేస్తాడా? ఇదేమన్నా పద్ధతా?

మర్నాడు కోఠికి వెళ్లి ఒక దిక్సూచి కొన్నాను. నాకు వాస్తు రాదు. కాని మనవాళ్లలో ఇల్లు కొనబోయేవాణ్ణి ఆపాలంటే వాస్తు ఒక్కటే మందు. గోడ నెర్రె విచ్చిందంటే సిమెంటు పెడతారు, నీళ్లు రావంటే బోరు వేస్తారు. ఈశాన్యం బాగాలేదంటే మాత్రం చెప్పులేసుకుని ఇంటికి వెళ్లిపోతారు.

వంటింటి గట్టు మీద దిక్సూచి పెట్టుకుని చూస్తుంటే ఒక అద్భుతం కనిపెట్టాను. నా ఫోను కవరుకు అయస్కాంతం మూత ఉంది. ఫోను దగ్గరికి తెస్తే ముల్లు దానివైపు తిరిగిపోతోంది. ఎటు తెస్తే అటే. ఉత్తరం ఎక్కడుండాలో ఇక నేనే చెప్పొచ్చు. అరగంట సాధన చేశాను. సుజాత గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోయింది.

ఆదివారం ముసురు పట్టింది. తూర్పు ఎటో చెప్పే సూర్యుడి జాడ లేదు, అది నా అదృష్టం అనుకున్నాను. వాచ్‌మన్ తాళం తీసి కిందికి పోయాడు. ఫ్లాటు నిజంగానే బాగుంది. వెలుతురు, గాలి, వంటింట్లో ఇద్దరు తిరిగేంత చోటు. బాల్కనీలో నిలబడగానే సుజాత ఇక్కడ తులసి కుండీ పెట్టుకునేది కదా అనిపించింది. దాంతో నా కడుపుమంట ఇంకాస్త పెరిగింది.

హాలు మధ్యలో నిలబడి, అరచేతిలో దిక్సూచి పెట్టుకుని, రెండో చేత్తో ఫోను పట్టుకుని, గంభీరంగా నిట్టూర్చాను.

"ఏమైంది అన్న?"

"ఏం చెప్పాలె శ్రీహరీ. నువ్వే చూడు. బాత్రూం యాడుంది?"

శ్రీహరి ముల్లు చూశాడు, బాత్రూం తలుపు చూశాడు. మొహం పాలిపోయింది. "ఈశాన్యమా?"

"నేననలే. ముల్లు అంటున్నది."

"మార్పిస్తే కాదా అన్న?"

"బాత్రూం మారుస్తవు, పైపులు మారుస్తవు. దిక్కు మారుస్తవా?" అన్నాను, అప్పుడే దిక్కు మార్చిన చేతిని జేబులో పెట్టుకుంటూ.

అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు. కాని పని సాఫీగా అయ్యేసరికి నోరు ఆగలేదు. "ఇల్లంటే మా ఇల్లులెక్క ఉండాలె. పాత కట్టడం, గట్టి గోడలు. పొద్దున్నే నల్లా నీళ్లు. కిందికి దిగితే లైబ్రరీ, కూరగాయలు, ఆటో. వాస్తు అంటవా, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నయ్. పదకొండేండ్లల్ల మాకు జలుబు తప్ప ఏం రాలే."

శ్రీహరి శ్రద్ధగా విన్నాడు. తిరిగొస్తూ దారిలో చాయ్ కూడా వాడే తాగించాడు. "మీరు లేకుంటే మునిగిపోతుంటి అన్న," అన్నాడు. నాకు కొంచెం సిగ్గేసింది. చాయ్ తాగేలోపు పోయింది.

మూడు వారాలు హాయిగా నిద్రపోయాను. నాలుగో వారం మా ఓనరు పద్మమ్మ గారు నారాయణగూడ నుంచి ఆటోలో వచ్చారు. పెద్దావిడ, మోకాళ్ల నొప్పులు. రెండంతస్తులు ఎక్కి, కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి చల్లగా చెప్పారు.

"ఇల్లు అమ్మేసిన బాబూ. కొన్నాయన తొందరగా ఖాళీ చేపియ్యమంటున్నడు. ఆయనే ఉంటడంట."

సుజాత ఖాళీ గ్లాసు అందుకుని కింద పెట్టింది. "మాకొక్క మాట చెప్పాలె గదమ్మా."

"రెండేండ్ల కింద మొదాలు మీకే చెప్పిన గద బిడ్డా. ఆలోచిస్త అన్నడు మీ ఆయన. ఇంక ఆలోచిస్తనే ఉన్నడనుకున్న."

"ఎవరు కొన్నరమ్మా?" అన్నాను.

"మీ ఎదురింటి పిల్లగాడే. శ్రీహరి. మీరు మస్తు చెప్పిన్రంట ఈ ఇంటి గురించి."

ఆ మాట పూర్తికాకుండానే శ్రీహరి మిఠాయి డబ్బాతో వచ్చాడు. "అన్న, మీరు చెప్పినంక ఇంకో ఇల్లు కండ్లకే ఆనలే. మీరు ఎట్లాగూ కొనరు గద, ఫ్లాట్లు చూసుడే మీకు ఇష్టం అని అడగలే. తప్పయిందా?"

తప్పయిందని ఎలా చెప్పను? ఆ ఇంటిని పొగిడింది నా నోరే. ఆ సాయంత్రం సుజాత పదకొండేళ్లుగా అలవాటైన వంటింట్లో ఒక్కత్తే కూర్చుని కాసేపు ఏడ్చింది. కుళ్లు వల్ల కడుపు మాత్రమే మండుతుందనుకునేవాణ్ణి, ఇల్లు కూడా పోతుందని అప్పుడే తెలిసింది.

నెల రోజుల్లో ఇల్లు దొరకాలి. అటు పిల్లల బడి, ఇటు నా ఆఫీసు, దూరం పోలేము. తిరిగి తిరిగి ఆ చుట్టుపక్కల మాకు సరిపడే టులెట్ బోర్డు ఒక్కటే కనబడింది. అశోక్‌నగర్‌లో. రెండు బాల్కనీలు. అమ్ముడుపోక విసుగెత్తి ఆ ఓనరు కిరాయికి పెట్టాడట. ఏ ఫ్లాటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

దిగిన వారానికి శ్రీహరి వచ్చాడు. చంకలో పెద్ద బూడిద గుమ్మడికాయ. సోఫా అంచున కూర్చుని బాత్రూం వైపు బెరుగ్గా చూశాడు.

"నన్ను ఆపి మీరొచ్చి ఇరుక్కున్నరు అన్న. నాకు నిద్ర పడ్తలేదు. ఇది గుమ్మానికి కట్టున్రి, దిష్టి గిష్టి పోతది. ఏ దిక్కు కట్టాల్నో జర ఆ దిక్సూచి తియ్యిన్రి."

"ఎందుకులే, యాడో పడింది," అన్నాను.

"దేవుని అల్మారాల ఉంది," అంటూ సుజాత తెచ్చి టీపాయ్ మీద పెట్టింది.

నా ఫోను లోపలి గదిలో ఉంది. ముల్లు రెండుసార్లు ఊగి, బుద్ధిగా నిలబడింది. శ్రీహరి వంగి చూశాడు. లేచి బాత్రూం దాకా నడిచి, వెనక్కి వచ్చి మళ్లీ చూశాడు.

"అన్న, బాత్రూం వాయవ్యంల ఉంది గద. మంచిగనే ఉంది."

"ఆ రోజు ముసురుండె గదా," అన్నాను. నాకే నవ్వొచ్చేలా ఉంది ఆ సమాధానం.

సుజాత లోపలికి వెళ్లి నా ఫోను తెచ్చింది. దిక్సూచి పక్కన పెట్టింది. ముల్లు గిర్రున తిరిగింది. బాత్రూం మళ్లీ ఈశాన్యానికి వచ్చేసింది.

"కిచెన్‌ల ప్రాక్టీస్ చేసినప్పుడే చూసిన," అంది నాతో. "ఎందుకో తెల్వకపాయె."

శ్రీహరి ఫోనునూ నన్నూ మార్చి మార్చి చూశాడు. తిడతాడని తల వంచుకున్నాను. వాడు తిట్టలేదు. వాడి మొహంలో ఇంకేదో భయం కనబడింది.

"అన్న, మరి మీ పాతింట్ల అన్నీ ఎక్కడివక్కడ ఉన్నయంటిరి. అది కూడ గిట్లనే చూసిన్రా?"

నేను అక్కడ అసలు చూడనే లేదు. నా మొహం చూసే వాడికి అర్థమైంది. దిక్సూచి జేబులో వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి, గుమ్మడికాయ కూడా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అదే వాయవ్యపు బాత్రూంలో తలస్నానం చేసి, బాల్కనీలో సుజాత పెట్టుకున్న తులసి కుండీ ముందు నిలబడి ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరు ఇల్లు కొన్నా వెళ్తాను, మిఠాయి తింటాను, "మస్తుంది" అంటాను, వచ్చేస్తాను. కడుపులో ఎంత మండినా మజ్జిగ తాగుతానే తప్ప నోరు తెరవను. ఇది నా మాట. నేను గృహప్రవేశాలకు బయల్దేరినప్పుడల్లా సుజాత మాత్రం గుమ్మంలో ఆపి, నా ఫోను తీసి తన దగ్గర పెట్టుకుంటోంది.