అన్నిటికీ ఒకే పిడి

పిచ్చేశ్వరరావు జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో గుమాస్తా. 1982 ఎండాకాలంలో నందిగామలో క్షవరానికి కూర్చున్నప్పుడు, గిలక మీది తాడు లాగుతూ కండలు తేలిన వస్తాదు బొమ్మ ఒకటి గోడ మీద చూశాడు. ఆ సాయంత్రమే పెరట్లో నూతి గిలక ఊడదీసి వసారా దూలానికి బిగించాడు. మోకు తెచ్చి దాని ఒక కొసకి పెద్ద రాయి కట్టాడు. రెండో కొసకి పిడి కావాలి.

అల్లాటప్పా పిడి ఆయనకి పనికిరాదు. చేతులకీ, భుజాలకీ, ఛాతీకీ అదొక్కటే సరిపోవాలి. బకెట్ పిడి అరచెయ్యి కోసింది. సైకిల్ హ్యాండిల్ ఒంటిచేత్తో లాగితే పక్కకి తిరిగింది. వడ్రంగి జ్ఞానయ్య తుమ్మకర్రతో మూడు చెక్కి ఇస్తే మూడింటికీ వంక పెట్టాడు. మూడు నెలలైనా రాయి నేల విడవలేదు. ఆ మూడు నెలలూ ఆయన భార్య శేషారత్నం గిలక లేని నూతిలోంచి చేంతాడు వట్టి చేతులతోనే లాగి నీళ్లు తోడింది.

జ్ఞానయ్య నాలుగో పిడి తెచ్చాడు. పిచ్చేశ్వరరావు ఊపిరి బిగబట్టి లాగాడు. రాయి కదల్లేదు.

"కాస్త లావైందయ్యా పిడి!" అన్నాడు జ్ఞానయ్యతో.

శేషారత్నం చంకలో బిందె దించింది. పిడి జోలికి పోకుండా తాడే పట్టుకుని, నీళ్లు తోడినట్టు చకచకా లాగింది. రాయి దూలందాకా వెళ్లింది.

"అయిందిగా! ఇహ గిలక నూతి మీద పెట్టించండి," అంది.

పిచ్చేశ్వరరావు కళ్లు మెరిశాయి.

"చూశావా జ్ఞానయ్యా? పిడితో పనే లేదు. కిటుకంతా తాడులో ఉంది!"

చొక్కా తొడుక్కుని, మంచి తాడు ఎంచడానికి నందిగామ బస్సెక్కాడు.