మసకబారని మనిషి

ఇది జరిగింది. నా కళ్ళతో చూశాను. అబద్ధమైతే రేపు పొద్దున్న నా టీలో పాలు విరిగిపోవాలి.

కలకత్తా గోడల నిండా ఎర్రజెండా రాతలున్న రోజులు. మర్నాడు ఫుట్‌బాల్ మ్యాచ్. ఆ రాత్రి మైదానంలో లక్షమంది జనం... సరే, జనం లేరు. గోల్ దగ్గర మా బావ, అంటే అక్క మొగుడు. కేబుళ్ళు లాగే పని తనది. బయట వ్యాన్‌లో నేను. అంతే.

టీవీలో గోల్‌ని నెమ్మదిగా మళ్ళీ చూపిస్తారే, ఆ పని నాది. గోల్ వెనక హైస్పీడ్ కెమెరా. దాని పగ్గాలన్నీ వ్యాన్‌లోని వీడియో సర్వర్‌లో. బటన్ నొక్కితే రికార్డు. మీట లాగితే స్లో మోషన్. ఆ మీట మీద నా అంత చెయ్యి తిరిగినవాడు ఊళ్ళో లేడు. ఇందులో మాత్రం కోతల్లేవు.

ఒక సంగతి చెప్పాలి. ఫ్లడ్‌లైట్లు కరెంటుతో పాటు వణుకుతుంటాయి. మన కంటికి తెలీదు. ఆ కెమెరాకి తెలుస్తుంది. స్లోలో చూస్తే గడ్డి, వల, మనిషి... అన్నీ మసకబారి, వెలిగి, మళ్ళీ మసకబారతాయి. ఊపిరి తీస్తున్నట్టు.

పరీక్ష కోసం బావ బంతి తన్నాడు. మీట లాగాను.

గోల్ స్తంభం పక్కన ఇంకొకడు! ఏడడుగులు... కాదులెండి, మామూలు ఎత్తే. వీపు ఇటు. చుట్టూ అన్నీ మసకబారుతున్నాయి. వాడు మాత్రం... లేదు.

నేరుగా వచ్చే బొమ్మలో చూస్తే బావ ఒక్కడే.

మైక్‌లో అడిగాను. "బావా, నీ పక్కన ఎవులు?"

"ఎవులూ లేరు. ఏటిరా బామ్మర్దీ, ఏటి తాగావు?"

"టీ, బావా. వ్యాన్‌కి వచ్చెయ్."

"ధూర్! మీ అక్కలాగ సతాయించకు. ఇంకోసారి తంతాను, చూడు."

ఢబ్...

లాగాను. వాడి చెయ్యి బావ భుజం మీద.

"బావా, పరిగెత్తు!"

హెడ్‌ఫోన్లు చెవులకి అదిమాను. చెవిలో గుర్రు... గుర్రు... ఆగిపోయింది. మళ్ళీ రికార్డు చేశాను. లాగాను. వాడు లేడు. బావ ఒక్కడే, వ్యాన్ వైపు నడుస్తున్నాడు. హమ్మయ్య...

గడ్డి మసకబారింది. వెలిగింది.

వల మసకబారింది. వెలిగింది.

బావ...

అలాగే ఉన్నాడు.

టక్... టక్. "తలుపు తియ్యరా."

తీశాను. బావే. చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డ! ...అని అందరికీ చెబుతుంటాను. ఒప్పుకుంటున్నా, వెచ్చగానే ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

బ్యాటరీ టార్చి వెలుగు మసకబారదు. ఎవరో బావ మీద టార్చి వేశారేమో, అందుకే మసకబారలేదేమో అనుకుంటాను. కానీ ఎవరు? మైదానంలో తను తప్ప ఎవరూ లేరు కదా.

బావ ఇప్పటికీ వాట్‌గంజ్ పేటలో అక్కతోనే ఉన్నాడు. "ఆ రేత్రి డూటీ నుంచొచ్చినకాడ్నించి మీ బావ మారిపోయాడ్రా. ఒక్క తిట్టు లేదు, ఒక్క కేక లేదు," అని మురిసిపోతుంది అక్క.

నేనేం చెప్పను? నేను ఇంటికి పంపింది ఎవర్నో... నాకే తెలీదు.