ఎడమచేతి ముడి

మా తాత ఓదెలు చేతికి చేప చిక్కితే, పిల్లను చూడ్డానికి వచ్చిన పెళ్లిపెద్దలా మారిపోయేవాడు. తల చూసేవాడు, తోక చూసేవాడు, పొట్ట నిమిరేవాడు. మోచేయంత పొడుగు లేకపోతే "పో బిడ్డా, ఇంకో యేడు తిని రా" అని మీరాలం చెరువులోకి సాగనంపేవాడు. కట్టమీద బేరానికి నిలబడ్డవాళ్లు నవ్వేవాళ్లు.

ప్రపంచ లడాయి రోజుల్లో ఒక ఎండాకాలం ఆయనకు ఫికర్ పట్టుకుంది. కొర్రమీలు ఏటేటా పొట్టివైపోతున్నాయి. జానెడు చేపను కోసినా కడుపునిండా గుడ్లే. పాలపళ్లు ఊడకముందే తల్లులవుతున్నట్టుంది వాటి బతుకు. పెద్దవాటిని మనమే తినేశాం, చిన్నవాటిని ఎదగనియ్యట్లేదని తాత కులపోళ్లను కట్టమీద కూర్చోబెట్టాడు.

"వానలు పడ్డకాణ్ణుంచి దీపావళి దాకా వల ఎయ్యొద్దు. ఆ తర్వాత గూడ నాలుగు వేళ్లు దూరని కన్ను వల ముట్టొద్దు."

"మరి గాలి తిని బతకాల్నా ఓదెలన్నా?" అన్నాడు సోమయ్య.

"అఫ్జల్‌గంజ్‌ల బస్తాలు మోద్దాం. ముందుగాల నేనే పోత."

"ఎవడన్న దొంగతనంగ ఏస్తే?"

తాత దోసిట్లో చెరువు నీళ్లు పట్టాడు. తన ఇంటి మనిషి మాట తప్పితే తాను మళ్లీ ఈ చెరువులో కాలు పెట్టనని ఆ నీళ్లు తాగాడు. వాళ్లలో ఆ ఒట్టుకు తిరుగులేదు. అందరికంటే గట్టిగా తలూపినవాడు ఆయన బామ్మర్ది బీరయ్య.

వానలొచ్చాయి. తాత పగలంతా బస్తాలు మోసి, సాయంత్రం కట్టమీద కూర్చునేవాడు. ఎర్రటి చేపపిల్లల గుంపు నీటిమీద కదిలితే, కింద కాపలా కాసే తల్లి కొర్రమీనును తలుచుకుని తనలో తనే నవ్వుకునేవాడు. వీపు నొప్పి గుర్తుండేది కాదు.

ఒకనాడు అఫ్జల్‌గంజ్‌లోనే, ఆకుల కింద దాచిన గంపలో జానెడు కొర్రమీలు కనిపించాయి. వాటి మెడలమీద ఇరుకు కన్ను గీతలు. తాత బస్తా దించి తిన్నగా చెరువుకు నడిచాడు. జమ్ములో వెతికి వల బయటికి లాగాడు. ముడులన్నీ ఎడమకు తిరిగి ఉన్నాయి. వల అల్లే ఆడవాళ్లలో ఎడమచేతి వాటం మా అవ్వ రాజమణి ఒక్కతే. ఆ ముడి సంగతి ఊరంతా గొప్పలు చెప్పుకున్నవాడు కూడా తాతే.

అవ్వ ముందు వల పడేశాడు.

"నువ్వల్లిందేనా?"

"తమ్ముడడిగిండు. పిల్లలు పస్తులుంటున్నరన్నడు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే అల్లనిచ్చేటోడివా?"

తాత వల భుజానేసుకుని కట్టమీదికి పోయాడు. "ఇది నా ఇంట్లోది" అని మాత్రం అన్నాడు. బీరయ్య అక్కడే నిలబడి నీళ్లవైపు చూస్తున్నాడు. సోమయ్య ముడులు తడిమి చూశాడు, సంగతి తెలిసి, వలను మడిచి పక్కన పెట్టాడు.

తాత మళ్లీ చెరువులో దిగలేదు, బస్తాల కిందే ముసలివాడయ్యాడు. ఆయన్ను చూసిన సిగ్గుకో ఏమో, ఆ తర్వాత ఎవరూ కట్టు తప్పలేదు. రెండేళ్లకు మోచేయంత కొర్రమీను పడితే సోమయ్య మొదటిది మా ఇంటికే తెచ్చాడు. తాత అలవాటుగా తల చూశాడు, తోక చూశాడు, పొట్ట నిమిరాడు.

"మంచిగ ఎదిగింది" అని అవ్వవైపు జరిపాడు.

ఆ పూట ఇంట్లో అందరూ చేప పులుసు తిన్నారు. తాత మాత్రం మామిడి తొక్కుతో తిన్నాడు. కారం ఎక్కువైందని కండ్లు తుడుచుకున్నాడు. ఆ యేడు తొక్కులో అవ్వ కారం వెయ్యడమే మరిచిపోయిందని ఇంటిల్లిపాదికీ తెలుసు.