అక్క చేనుకు మడివాళ జుట్టు

మా అక్క చేను అత్తిబెలె దాటాక కొంచెం లోపలికి ఉంటుంది. ఏటా వేరుశనగ వేస్తారు. కాయ ఊరే వేళకి అడవిపందులు దిగుతాయి. కాల్చకూడదు, ఉచ్చు పెట్టకూడదు, తీగకి కరెంటిస్తే జైలు. చేను చుట్టూ చీరలు కడితే మనుషులనుకుని రావని ఎవరో చెబితే, అక్క పాత చీరలన్నీ తీసుకెళ్లి కట్టింది. పందులు కొన్నాళ్లు మొహమాటపడి, ఆ తర్వాత చీరల కిందనుంచే దూరాయి.

చుట్టుపక్కల పొలాలన్నీ అప్పటికే ఇళ్ల సైట్లయిపోయాయి. బావ విసిగిపోయాడు. "ఈతూరి గూడా పందులే తింటే సైట్లోళ్లకి ఇచ్చేస్తా. నాతో కాదు ఇంగ," అన్నాడు. అక్క కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, ఆ ఇంట్లో ఎవరితోనూ కలవలేక, రోజూ పోయి ఆ చేనిగట్టు మీద కూర్చునేదట. ఈ ఊళ్లో తనది అనిపించిన చోటు అదొక్కటేనట. ఆ మాట నాకు ఒకే ఒకసారి చెప్పింది, అదీ కలుపు తీస్తూ, తల ఎత్తకుండా.

నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తూ మడివాళలో పీజీ హాస్టల్లో ఉంటాను. ఒకరోజు మీటింగు మధ్యలో అక్క ఫోను చేసింది.

"పాపా, మీ తావ మగోళ్ల ఎంట్రుకలు దొరుకుతాయా?"

"ఎన్ని కావాలి?" అన్నాను. మీటింగులో నా మైకు ఆన్‌లోనే ఉంది. మా టీమంతా నా జవాబు విన్నారు.

సంగతేమిటంటే, పంది నేలని ముక్కుతో మూచూస్తూ నడుస్తుంది. దారిలో వెంట్రుకలు చల్లితే అవి ముక్కులోకి పోయి, తుమ్ముకుంటూ వెనక్కి పోతుందట. ఊళ్లో ఉన్న ఒక్క మంగలి దగ్గర పోగయ్యే జుట్టు పెరటి పాదులకి కూడా చాలదు. మడివాళ అలా కాదు. సందుకి నాలుగు పీజీలు, పీజీకి ఒక సెలూను.

మొదటి సెలూనులో జుట్టు కావాలని అడిగితే, విగ్గులు చేస్తారా అన్నాడు ఓనరు. పందులకి అన్నాను. కుర్చీలో ఉన్న కుర్రాడు అద్దంలోంచి నన్ను అదోలా చూశాడు. మొత్తానికి వారం తిరిగేసరికి గోతాం నిండింది.

శనివారం ఆ గోతాంతో బస్సెక్కాను. అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర పోలీసాయన ఎక్కి, గోతాం మూతి విప్పి చెయ్యి పెట్టి, పాము తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు. మీది ఏ ఊరన్నాడు. చిత్తూరు వైపన్నాను. అంతే, ఆయన ముఖం మారిపోయింది. "తిరుపతి ముడియా! తలనీలాలా!" అని టోపీ తీసి, గోతాన్ని తాకి కళ్లకద్దుకున్నాడు.

"కాదు సార్, మడివాళ సెలూనుది."

"దేవుడి విషయంలో తమాషా వద్దమ్మా," అన్నాడు.

బస్సులో ఉన్నవాళ్లంతా లేచి వరసగా దణ్ణాలు పెట్టుకున్నారు. వాళ్లలో అక్కావాళ్ల ఊరావిడ ఒకామె ఉంది. నాకంటే ముందే దిగి, నాకంటే ముందే ఊరంతా చాటింది. నేను ఇల్లు చేరేసరికి వాకిట్లో పీట వేసి, పళ్లెంలో కర్పూరం పెట్టుకుని జనం కాసుకుని ఉన్నారు. గోతాన్ని పీట ఎక్కించి పసుపూ కుంకుమా పెట్టారు. చేనులో చల్లాలి, దించండని అక్క బతిమాలింది.

"సామికిచ్చిన తలనీలాలు, తొక్కే తావులో ఏస్తారామ్మా? కండ్లు పోతాయి," అన్నారు.

"అందులో ఉన్నది ఐటీ వాళ్ల చుండ్రు!" అని అరిచాను. నాకు ఒళ్లు మండిపోయింది.

"అట్లనగూడదమ్మా," అని బావ చెంపలు వేసుకున్నాడు. ఈయనకి చేను అమ్మడానికి భయం లేదుగానీ జుట్టు తొక్కడానికి భయం!

గోతాం దేవుడి మూలకి చేరింది. మర్నాడు పొద్దున్నే చూస్తే తూర్పు వైపు సాళ్లన్నీ తిరగేసి ఉన్నాయి. అక్క గట్టు మీద కాసేపు నిలబడి ఇంటికొచ్చింది. మంగలిని పిలిపించి, వాకిట్లో పీట మీద కూర్చుంది.

"నున్నగా గొరుగు," అంది.

బావ పరిగెత్తుకొచ్చాడు. "ఏమే, నేనింకా బతికే ఉండానే!"

"ఉండావు కాబట్టే చూడు. ఇవి నా ఎంట్రుకలు, అది నా చేను. వీటిని తొక్కితే ఏ సామికీ కోపం రాదు."

నిన్నటిదాకా ఇదంతా నాకు నవ్వులాటే. ఆ జుట్టు పీట చుట్టూ పడుతుంటే మాత్రం ఏడుపాగలేదు. చిన్నప్పుడు నేను జడ వేస్తానని పేచీ పెట్టిన జుట్టది. అక్క దాన్ని చాటలోకి ఎత్తుకుని, తలకి తువాలు చుట్టుకుని, తూర్పు గట్టున చల్లింది. సగం గట్టుకి కూడా రాలేదు. ఖాళీ చాటతో తిరిగొస్తున్న అక్కని బావ చూశాడు. చొక్కా విప్పి, వచ్చి పీట మీద కూర్చున్నాడు.

పందులు ఆగాయా అంటే, తూర్పు నుంచి రాలేదు. పడమటి నుంచి వచ్చాయి.

గొరిగించుకున్న రోజు మధ్యాహ్నమే సైట్ల బ్రోకరు కారులో వచ్చాడు. అరుగు మీద పక్కపక్కన రెండు గుండ్లు కనబడేసరికి, బూట్లు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎవురు పోయినారక్కా? నాకు తెలీనే తెలీదే," అన్నాడు.

"అందరూ బాగుండాము. చేను ఇచ్చేది లేదని చెప్పేకి గొరిగించుకున్నాము," అంది అక్క.

ఆయన బావ వైపు చూశాడు. బావ అప్పుడే గొరిగించిన తల తడుముకున్నాడు.

"ఆమె చెప్పినట్లేనప్పా," అన్నాడు.