మైలుతుత్తం సీసా

కాలేజీ ప్రయోగశాలలో ఆమెను అందరూ సీసాలక్క అంటారు. మూత సరిగ్గా పెట్టకపోతే ప్రిన్సిపాల్‌నైనా సరే కడిగి పారేస్తుంది. అలాంటి మనిషి ఒక్క సీసా దగ్గర మాత్రం దొంగపని చేస్తూ వచ్చింది.

అది ఆమె భర్త కలిపిన మైలుతుత్తం ద్రావణం, ముదురు నీలం. అప్పట్లో ఆ ఉద్యోగం ఆయనదే. లీటరు సీసా నిండా, సరిగ్గా ఒక మోల్ పొడి ఉండేలా కలిపి, బీరువాలో పెట్టి, ఇంటికి వెళ్తూ దారిలోనే కుప్పకూలిపోయాడు. ఉద్యోగం ఆమెకిచ్చారు. దానితోపాటు సీసా కూడా ఆమె చేతికొచ్చింది. పిల్లల ప్రయోగానికని వంద మిల్లీలీటర్లు తీసినప్పుడల్లా ఆమెకు ఆయనే తరిగిపోతున్నట్టు ఉండేది. తలుపు దగ్గరగా వేసి, తీసినంత మేరా నీళ్లు పోసేసేది. సీసా నిండుగా కనబడితేగాని ఊపిరాడేది కాదు. ఒక్కోసారి వెనక ఆయన దగ్గు వినబడేది. తిరిగి చూస్తే ఉండడని, చూసేది కాదు.

రంగు మాత్రం ఎన్నాళ్లు దాగుతుంది? పిల్లల లెక్కలన్నీ ఒకేలా తప్పుతుంటే, కొత్తగా వచ్చిన లెక్చరరమ్మ ఆ సీసాను కిటికీ వెలుగులో పెట్టి చూసింది.

“అక్కా, ఇందులో నీళ్లు కలిపారా?”

సీసాలక్క సీసా అందుకుని, “ఎప్పుడూ నిండుగానే ఉంచానమ్మా,” అంది.

లెక్చరరమ్మ కసురుకోలేదు. సుద్దముక్కతో బల్ల మీదే లెక్క వేసింది. “మొదట ఒక మోల్. పదో వంతు తీశారు, పాయింట్ తొమ్మిది మిగిలింది. నీళ్లు పోశారు, అయినా మోల్ పాయింట్ తొమ్మిదే, పలచబడిందంతే. మళ్లీ తీశారు, ఉన్నదాంట్లో పదో వంతు పోయింది. పాయింట్ ఎనభై ఒకటి.”

“అయితే నీళ్లు పోసినందుకు తగ్గలేదా?”

“లేదక్కా. తీసినందుకే తగ్గింది.”

అంటే తన చేతులతోనే ఆయన్ని కొంచెం కొంచెంగా పంచిపెట్టేసింది. సీసాలక్క బల్ల మీది ఆఖరి అంకె మీద వేలు పెట్టింది.

“ఆయన ఇంకెంత మిగిలుంటారమ్మా?”

ఆయనెవరో, ఆ నీళ్లు ఎందుకో లెక్చరరమ్మకు అప్పుడు అర్థమైంది. సుద్దముక్క పక్కన పెట్టింది. “ఎన్నిసార్లు తీశారో తెలిస్తేగాని చెప్పలేనక్కా. కానీ పరీక్షలు దగ్గర పడ్డాయి. ఇది పిల్లలకి పనికిరాదు. కొత్తది కలపాలి.”

పిల్లల చదువు పాడవుతుంటే ఇంకేం అడ్డుపడుతుంది? సీసాలక్క తనే పొడి తూచింది, కరిగించింది. పాతది తన చేత్తోనే వంపేసింది. సీసా కడిగి, కొత్తది అందులోనే పోసింది.

నీలం ముదురుగా పైదాకా నిండింది. అచ్చం ఆయన కలిపినట్టే ఉంది. ఆయన మాత్రం అందులో లేడు. పోయిననాడు కూడా కన్నీటి చుక్క రాల్చని మనిషి, అప్పుడు బావురుమంది.