బొగ్గు గంపకు ఎవరి మూర

బొగ్గు ఎవరిది? ఈ ప్రశ్న నన్ను పట్టుకున్నప్పుడు నాకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. అక్షరం ముక్క రాదు. చదువు నాకు ముసలితనంలో, మనవరాలి పలక మీద వచ్చింది. అందుకే రాయడం ఇంత ఆలస్యమైంది. అడగడం మాత్రం అప్పుడే మొదలుపెట్టాను. అడిగితే చెప్పేవాళ్లు తక్కువ, కసిరేవాళ్లు ఎక్కువ. నాకేం పట్టింపు లేదు.

మేము మేదరివాళ్లం. బోయిగూడలో, రైలు కూత వినపడేంత దూరంలో మా వాడ. వెదురు చీల్చి గంపలు, చేటలు, తట్టలు అల్లి మోండా మార్కెట్లో కూరగాయలవాళ్లకు అమ్మేవాళ్లం. రజాకార్ల గడబిడలో అడవి నుంచి వెదురు రావడం ఆగిపోయింది. మా కత్తులు తుప్పు పట్టాయి. తర్వాత పోలీస్ యాక్షన్ అయింది. సైన్యం వచ్చింది, నిజాం సర్కారు పోయింది, వెదురు బండ్లు మళ్లీ కదిలాయి. వాటి వెనకే బొగ్గు బావుల మనుషులు కూడా వచ్చారు.

గోదావరి వైపు బావి పక్కన బావి తవ్వుతున్నారట. రైళ్లకు బొగ్గు, మిల్లులకు బొగ్గు, ఎంత తీసినా చాలదట. తవ్వడానికి మనుషులు దొరుకుతున్నారు గానీ పని తెలిసిన చేతులు దొరకడం లేదట. కమ్మరివాళ్లను, వడ్రంగివాళ్లను ఊరూరా వెతుకుతున్నారని విన్నాం. మమ్మల్ని కూడా వెతుకుతారని మాత్రం ఎవరూ అనుకోలేదు. వచ్చినవాడు మా అరుగు మీద కూర్చుని, "బొగ్గును దోసిట్ల మోస్తరా? గంపలు కావాలె. గంపలల్లేటోళ్లు మాకు లేరు" అన్నాడు. ఉండడానికి గుడిసె, పొయ్యిలోకి ఊరికే బొగ్గు అన్నాడు. నా మొగుడితో సహా వాడలో చేవ ఉన్న మగవాళ్లంతా వెళ్లిపోయారు. ముసలివాళ్లు, పిల్లలు, మేము మిగిలాం.

మేము అంటే, మా ఇంట్లో నేను, మా అత్త. అప్పటికి ఆమె కళ్లలో పొర కమ్మింది. అయినా నోరు మాత్రం కత్తి లాంటిది.

స్టేషను అవతల బొగ్గు యార్డు ఉండేది. బావుల నుంచి వచ్చిన వ్యాగన్లను అక్కడ ఆడవాళ్లు గంపలతో దించేవాళ్లు. ఆ పని గుత్తకు తీసుకున్న సేటుకు వ్యాగన్ లెక్కన డబ్బు వచ్చేది. ఆడవాళ్లకు గంప లెక్కన కూలి. గంప దించినప్పుడల్లా ఒక రేకు బిళ్ల చేతిలో పడేది. యార్డుకు గంపలు అల్లి ఇచ్చేది మా అత్త. చూపు తగ్గాక ఆ పని నాకు అప్పజెప్పింది.

మేదరి ఇంట్లో గజంబద్ద ఉండదు. కొలత మా ఒంట్లోనే ఉంటుంది. బొగ్గు గంప నోరు ఒక మూర, లోతు ఒక జాన. ఎవరి మూర అంటే అల్లేవాళ్ల మూరే. ఇంకొకరి చేతిని అరువు తెచ్చుకుంటామా? మా అమ్మ అట్లాగే అల్లింది, మా అత్త అట్లాగే అల్లింది, నేనూ అట్లాగే అల్లాను. అయితే మా అత్త పొట్టి మనిషి. నేను మా పుట్టింటి పోలిక, పొడుగ్గా ఉంటాను. "దీన్ని దండేనికి బదులు కట్టొచ్చు, రెండు గోడలకు అందుతది" అని అత్త నా చేతుల మీద జోకులు వేసేది.

నా గంపలు యార్డుకు పోయిన కొన్నాళ్లకు సేటు స్వయంగా వచ్చాడు. "ముసలమ్మా, నీకన్న నీ కోడలు నయం" అని మెచ్చుకున్నాడు. నాకు పొంగిపోవాలనిపించింది, పొంగిపోయాను. సేట్లు ఊరికే మెచ్చుకోరని నాకప్పుడు తెలియదు.

మా ఎదురింటామె ఆ యార్డులోనే బొగ్గు దించేది. ఆమె మొగుడు జ్వరంతో మంచం పట్టి లేవలేదు. ఆమె బిళ్లల మీదే ఆ ఇంటి కుండ ఉడకాలి. ఒక సాయంత్రం ఆమె తలుపు దగ్గరికి వచ్చి, నా గంపనొకటి మా వాకిట్లో విసిరికొట్టింది.

"ఏందే వదినా, నా మీద పగబట్టినవా?"

"ఏమైందే? గంప ఇరిగిందా?"

"ఇరిగితే బతికిపోదును. ఇరగదు. మీ అత్త గంపలు మోసినప్పుడు ఇంటికొచ్చి రొట్టెలు చేస్తుంటి. ఇప్పుడు నీళ్ల బిందె సుత ఎత్తలేకపోతున్న. ఎక్కే చెక్క గదే, దిగే చెక్క గదే. పెద్ద గంపకు వ్యాగన్ జల్ది ఖాళీ అయితుంది, బిళ్లలు మాత్రం తగ్గినయి. ఇంట్ల గంజికి సుత తక్లీఫ్ అయితుంది."

అత్త లోపలి నుంచి చేత్తో తడుముకుంటూ వచ్చింది. మూలనున్న తన పాత గంప తెమ్మంది. ఆ పాత గంపను నా కొత్త గంపలో పెట్టింది. అది సులువుగా లోపలికి దిగి, చుట్టూ జాగా ఇంకా మిగిలింది.

"చూసినవా? నా గంప నీ గంప కడుపుల పడ్డది" అంది అత్త. నాకు నవ్వొచ్చింది. ఎదురింటామె నవ్వలేదు.

"నీ చెయ్యి పొడుగు, మా కూలి పొట్టి" అని వెళ్లిపోయింది.

రెండు వేళ్లంత తేడా అది. నోటికి రెండు వేళ్లు, లోతుకు ఒక వేలు. అంత చిన్న తేడాలో అంత బొగ్గు ఎక్కడ పడుతుంది? నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోతే నాకు నిద్ర పట్టదు. మర్నాడు యార్డుకు పోయాను.

అంత బొగ్గు నేనెప్పుడూ చూడలేదు. దాన్ని మావాళ్లు రాక్షసి బొగ్గు అంటారు. కట్టె కాలితే బొగ్గవుతుందని నాకు తెలుసు. మరి నేల లోపల కట్టెలు ఎవరు కాల్చారు? గేటు దగ్గర వాచ్‌మన్ను అడిగాను.

"నీ తాత కాల్చిండు. పో పిల్లా, జరుగు."

"గది సరే. ఇది ఎవరిది?"

"ఏది?"

"బొగ్గు. మొన్నటిదాంక నిజాందన్నరు. ఇప్పుడు ఎవరిది?"

నోట్లోని బీడీ తీసి నావైపు చూశాడు. "ఢిల్లీది గావచ్చు. నాది మాత్రం కాదు. ఇంట్ల పొయ్యిలకు ముక్క తీసుకపోతే నా నౌకరీ పోతది."

"మరి ఆ బావులున్న ఊరోళ్లది కాదా?"

"వాళ్లకు దుమ్ము దొరుకుతది లే" అని గేటు తీశాడు. నన్ను వదిలించుకోవడానికే తీశాడనుకుంటాను.

వ్యాగన్ అంచుకు చెక్క ఆనించి ఉంది. ఆడవాళ్లు దాని మీద నడిచి వచ్చి కుప్పలో గంప బోర్లిస్తున్నారు. నల్లటి ముఖాల్లో పళ్లు, కళ్లు తప్ప ఇంకేమీ కనపడక ఎవరెవరో గుర్తుపట్టేలా లేరు. ఎదురింటామె నన్ను గుర్తుపట్టింది.

"అల్లినామె వచ్చిందే! ఇటు రా వదినా. నీ సరుకు నువ్వే చూసుకో."

నా నెత్తిన గుడ్డ చుట్ట పెట్టి, నా గంప నిండా బొగ్గు నింపి, ఇద్దరు పట్టి ఎత్తారు. మెడ లోపలికి దిగిపోయినట్టయింది. చెక్క కాలి కింద ఊగింది. సగం దాకా పోయాను. ఇంక నా వల్ల కాలేదు. గంప వదిలేశాను. బొగ్గు జలజలా పట్టాల మీద పడింది. ఆడవాళ్లంతా నడుములు పట్టుకుని నవ్వారు.

"ఏందే, బిళ్ల గావాల్నా?" అంది ఒకామె.

అక్కడినుంచి వచ్చి, అత్తతో ఒకటే మాట చెప్పాను. ఇక నుంచి గంప ఆమె మూరకే అల్లుతానని. అత్త సరే అనలేదు, వద్దనలేదు. తన మోచేతి నుంచి వేలి కొస దాకా ఒక వెదురు బద్ద కోయించింది. మేదరి ఇంట్లో మొదటిసారి కొలబద్ద పుట్టింది.

ఎదురింటామె దాన్ని చూసి, "నా మూర ఇంకా తక్కువ. మోసేది నేను గద" అని బేరం పెట్టింది. నిజమే. ముగ్గురం చేతులు వరుసగా పెట్టి చూసుకున్నాం. ఎవరి మూర న్యాయం? అల్లేదానిదా, మోసేదానిదా, డబ్బు పెట్టేవాడిదా? నాకిప్పటికీ తెలియదు. చివరకు అత్త, "నా మూరకు నువ్వెప్పుడూ ఏడ్వలేదు. గదే ఉంచుదాం" అంది. ఎదురింటామె మూతి ముడుచుకుంది గానీ ఒప్పుకుంది.

సేటు ఒప్పుకోలేదు. చిన్న గంపలు చూసి మా అరుగు మీద నుంచే అరిచాడు.

"ఏందివి? చక్కెర పంచడానికా? ఎప్పటి లెక్క అల్లు."

"ఎప్పటి లెక్కనే సేటూ. మా అత్త లెక్క" అన్నాను.

"నేను ఇంకోళ్లతోని అల్లిపిస్త."

"అల్లిపియ్యి," అంది అత్త లోపలి నుంచి. "వెదురు సుత నేనే చూపిస్త. మనుషుల్ని మాత్రం నువ్వే తెచ్చుకో."

ఆయన వెతికాడు. మారేడ్‌పల్లి వైపు అడిగించాడట, మోండాలో అడిగించాడట. చేతనైనవాళ్లంతా బావుల దగ్గరే ఉన్నారు. ఎవరో కూరగాయల గంపలు తెచ్చి ఇచ్చారు. ఆకుకూరకు గాలి ఆడాలని వాటిని సందులు వదిలి అల్లుతాం. మొదటి వ్యాగన్ దగ్గరే వాటి అడుగులు ఊడిపోయాయి. వ్యాగన్లు దించకుండా నిలబడితే రైల్వేకు జరిమానా కట్టాలి. సేటు మళ్లీ వచ్చినప్పుడు అరవలేదు. గంపలు ఎత్తించుకుని, కొలబద్ద వైపు ఒకసారి చూసి పోయాడు. ఎదురింటామె బిళ్లలు మళ్లీ పెరిగాయి. బొగ్గు ఎవరిదో తేలలేదు గానీ, ఆ రెండు వేళ్ల బొగ్గు ఎవరి మెడ మీద ఉండకూడదో తేలింది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. కొన్నాళ్లకు నా మొగుడు సెలవు మీద వచ్చాడు. ఒళ్లు చేశాడు, కొత్త అంగీ వేశాడు. బావుల సంగతులు అడిగాను. ఎంత లోతు, లోపల గాలి ఎట్లా, దీపం ఆరిపోతే ఎట్లా అని. చెప్పీ చెప్పీ అలిసిపోయాడు. అప్పుడడిగాను.

"అక్కడ గంప ఎవరి మూర?"

"నాదే. ఇంకెవరిది? నా గంపలంటే మేస్త్రీ మస్తు ఖుషీ."

అతను నాకన్నా పొడుగు.

"మోసేటోళ్లెవరు?"

"పైన ఆడోళ్లు మోస్తరు."

"వాళ్లేమంటరు?"

"నాతోని ఏమంటరే? నేను పందిరి కింద కూసుంట, వాళ్లు ఆడ మోస్తరు."

"ఒక్కసారన్న మోసి చూసినవా?"

అతని చెయ్యి పట్టుకుని అత్త కొలబద్ద పక్కన పెట్టాను. మధ్య వేలు కొలబద్ద దాటి ఎంతో ముందుకు పోయింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చిన్నగ అల్లితే పనిలకెల్లి తీసేస్తరు."

"తీసేసి ఎవర్ని పెట్టుకుంటరు? అల్లేటోళ్లు దొరకకనే గదా నిన్ను గంత దూరం తీసుకపోయింది?"

"నువ్వు షురూ చేస్తే ఆపవు" అన్నాడు. కోపంగా కాదు, ఆలోచిస్తూ.

అత్త బద్దకు సరిగ్గా సరిపోయే ఇంకొక బద్ద కోసి అతని మూటలో పెట్టాను. వెళ్లేనాడు స్టేషను దాకా పోయాను. అతను రైలు డబ్బా ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. మూట ఒళ్లో ఉంది, బద్ద కొస బయటికి పొడుచుకు వచ్చింది. పక్కనున్న మనిషికి గుచ్చుకుంటోందని అతను దాన్ని బయటికి లాగాడు. కిటికీలోంచి పారేస్తాడేమోనని నేను రైలుతోపాటు కొంతదూరం నడిచాను. పారేయలేదు. చేత్తో అటూ ఇటూ తిప్పి చూస్తూ, తన మోచేతికి ఆనించి పెట్టుకున్నాడు.