మూడాకుల ఊద

అమెరికాలో అర్కాన్సా వరి నేలల్లో ఎల్వా రీన్‌ష్ గురించి అడిగితే ముందు ఆమె మోకాళ్ల గురించే చెబుతారు. మొగుడు పోయాక పదిహేనేళ్లపాటు మే నెలంతా ఆవిడ చేలో మోకాళ్ల మీదే ఉండేది, వరిలో కలుపుగా మొలిచే ఊద గడ్డికి ఎన్ని ఆకులొచ్చాయో చూస్తూ. మూడాకులప్పుడు మందు పడితే ఊద చస్తుంది. ఆ పైన ముదిరితే మొండికేస్తుంది. చేలో ఏ మందు కొట్టినా తేదీతో సహా గట్టు మీద పాతిన చెక్క మీద పెన్సిల్‌తో రాయాల్సిందే. అది ఆమెకు నోము.

పందొమ్మిదివందల డెబ్బై ఎనిమిది మేలో ఒక ఉదయం, చెక్క ప్రకారం అంతా సవ్యంగానే ఉంది, ఈ మధ్య ఏ మందూ పడలేదు. ఊదకు మూడాకులు. గాలి లేదు. మధ్యాహ్నం నుంచి నాలుగు రోజులు వాన అని రేడియో చెప్పింది. ఈ పూట తప్పితే పంట గడ్డిపాలే. ఐదెకరాల తూర్పు మడి చివర తెల్లజెండా పట్టుకుని నిలబడింది ఎల్వా. మందు చల్లే విమానం ఆ జెండాని చూసుకునే చేను మీదికి వాలుతుంది.

మరిది డ్వేన్ ట్రక్కు దిగి కాఫీ తాగుతూ వచ్చాడు. ఆవుల మనిషి. వరి సంగతి అంతంత మాత్రం.

"ఏం వదినా, జెండా పట్టావు? గవర్నరు గానీ వస్తున్నాడా?"

"పక్కకి జరుగు. మందు నీ కాఫీలో పడుద్ది."

"ఎంత పనిచేసినా నీ నోట మంచిమాట రాదు కదా! పోయినవారం నువ్వు మీ అక్క దగ్గరికెళ్లావా, కత్తెర పురుగు నా పచ్చిక మేసేసి ఈ మళ్లోకి దిగింది. నేనే పురుగుల మందు కొట్టేశా. ఒక్కటి మిగిలితే ఒట్టు!"

ఎల్వా గిరుక్కున అతని వైపు తిరిగింది. పురుగుల మందు పడ్డ వరి మీద రెండు వారాలైనా గడవకుండా ఈ గడ్డి మందు పడితే వరే మాడిపోతుంది.

"ఎన్ని రోజులైంది?"

"ఎనిమిది. ఏం?"

"మరి చెక్క మీద రాయలేదేంరా?"

"పురుగులు చదువుతాయా ఏంటి?"

అప్పటికే విమానం మోత వినబడుతోంది. ఎల్వా జెండా విసిరేసి, వద్దన్నట్టు చేతులు రెండూ తల మీద అడ్డంగా పెట్టి ఊపుతూ గట్టు మీద పరుగెత్తింది. ఒకచోట పడింది. లేచి మళ్లీ ఊపింది. విమానం ఆమె నెత్తి మీదికి వచ్చి, చుక్క మందు వదలకుండా పైకి లేచిపోయింది. ఆమె జెండా ఏరుకుని, పురుగుల మందు పడని పడమటి మడికి చేరి ఎత్తాక అక్కడ మాత్రం కొట్టి వెళ్లింది. మధ్యాహ్నం వాన దిగింది.

రెండు వారాల గడువు తీరేసరికి తూర్పు మడిలో ఊదకి ఐదాకులు. ఇక మందుకి లొంగదు. ఎల్వాకి ఏడుపొచ్చింది, డ్వేన్‌ని తన్నాలనీ అనిపించింది. రెండూ మానేసి కలుపుకి దిగింది. తెల్లారి పిలవకుండానే డ్వేన్ వచ్చి పక్కన మోకాళ్లూనాడు.

"వదినా, ఇందులో వరేది?"

"ఆకు మొదట్లో తెల్లపొర ఉంటే వరి. లేకపోతే పీకు."

తొమ్మిది రోజులు పీకారు. ఆఖరి రోజు డ్వేన్ ఆమె జేబులోంచి పెన్సిల్ తీసుకుని, చెక్క మీద పురుగుల మందు కొట్టిన తేదీ రాశాడు. ఎల్వా పెన్సిల్ లాక్కుని దాని కింద రాసింది: "చేత్తో పీకాం. ఇద్దరం."